‘పర్లేదు’ తూకం

1
మాఘం, సోమవారం. గాలి లేదు.

ఆరోగ్య మండలిలో రోగుల తరఫు సభ్యురాలు దినచర్య రాయాలని, అది నిష్పక్షపాతంగా ఉండాలని నిబంధన. రాస్తాను. నిష్పక్షపాతంగా మాత్రం ఉండదు. మండలి సంచాలకుడు విహారి మీద నాకు పగ ఉంది. మొదటి పేజీలోనే రాసి పెడుతున్నాను కాబట్టి రేపు ఎవరూ కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడనక్కర్లేదు.

నా పేరు తన్మయి. మా బడిలో తరగతికి నలుగురు తన్మయిలు ఉండేవాళ్ళం. ఇప్పుడు మళ్ళీ పాత పేర్లు పెడుతున్నారు, నా మనవరాలి పేరు మంగతాయారు. సముద్రం పైకొచ్చి కోనసీమ మునిగాక మట్టి పోసి కట్టిన దిబ్బల్లో ఏడోదాని మీద మేమిద్దరం ఉంటాం. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నేను తూనికలు, కొలతల తనిఖీ అధికారిని. తూకంలో దొంగరాయి పెట్టినవాడికి బతిమాలుకునే వ్యవధి ఇచ్చేదాన్ని కాదు. రాయి తీసుకుని, వాడి కొట్టు ముందే పగలగొట్టించి, వెళ్ళిపోయేదాన్ని.

పొద్దున సోలారు పలకల మీద ఉప్పు తుడిచాను. బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెలకు, గిన్నెలు కడిగిన నీళ్ళు గుమ్మానికి పక్కన పెట్టాను. అప్పుడు గుమ్మం మీదున్న పలకరింపు పెట్టె అడిగింది.

“శుభోదయం. ఒంట్లో ఎలా ఉంది?”

“ఎడమ మోకాలు మెట్లు దిగేటప్పుడు నొప్పి. ఎక్కేటప్పుడు లేదు. తెల్లవారగట్ల దగ్గొచ్చింది, పొడి దగ్గు. ఆకలి బాగానే ఉంది.”

“మీ సమాధానం పొడవుగా ఉంది. బాగుందా, పర్లేదా, బాగోలేదా?”

“చెప్పిందే మళ్ళీ విను.”

“ధన్యవాదాలు. సమాధానం నమోదు కాలేదు.”

రోజూ నాకూ దానికీ ఇదే తగువు. మిగతా గుమ్మాల్లో తగువు లేదు. అందరూ ‘పర్లేదు’ అంటారు, దీపం పచ్చగా వెలుగుతుంది, ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు. బాగుంది అన్నా పచ్చ దీపమే, పర్లేదు అన్నా పచ్చ దీపమే. బాగోలేదు అంటేనే ఎర్రది. ఏడాది పొడుగునా నూటికి తొంభై గుమ్మాలు పచ్చగా ఉంటే ఆ దిబ్బకు వైద్యం అక్కర్లేదని మండలి విధానం. అది రాసినవాడు విహారి. ఆ లెక్క మీదే నిరుడు మా ఊపిరిగది మూశాడు.

2
ఫాల్గుణం, గురువారం. మబ్బు.

చైత్రంలో తీరం వైపు ఎండిపోయిన ఉప్పుమళ్ళ మీంచి గాలి మొదలవుతుంది. ఆ పొడి లోపలికి వెళ్తే ఉప్పుదగ్గు. ఊపిరితిత్తులు పిడికిలి బిగించినట్టు బిగుసుకుంటాయి. ఊపిరిగదిలో కూర్చుని మందు ఆవిరి పీలిస్తే విడతాయి. ఆవిరి లేకపోతే విడవవు. ఆ గదికి నర్సు మా మంగతాయారే. గది మూసినప్పటి నుంచి చేపలు ఎండబెడుతోంది.

గాలి రాకముందే గది తెరిపించాలి. దానికి మండలి విచారణ జరగాలి. విచారణలో చెప్పుకోవడానికి మా గుమ్మాలు ఎర్రగా వెలగాలి. అందుకని ఇవాళ నీళ్ళ తొట్టి దగ్గర అందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాను. పాఠంలో ఒకటే మాట: బాగోలేకపోతే బాగోలేదని చెప్పండి.

ముందు వరసలో జస్వంత్ తాత కూర్చున్నాడు. నాకన్నా పెద్దవాడు, వల కుట్టేవాడు, దిబ్బ మీద అందరికన్నా చెడ్డ ఊపిరితిత్తులు ఆయనవి. మాట్లాడుతుంటే పిల్లనగ్రోవిలో గాలి పోయినట్టు వినిపిస్తుంది.

“వద్దండమ్మా,” అన్నాడు. “తథాస్తు దేవతలు తిరుగుతుంటారండి, ఆయ్. బాగోలేదని మనం అన్నామంటే తథాస్తు అనేసి పోతారు. ఆళ్ళకి వెనక్కొచ్చి చూసే అలవాటు లేదండి.”

“ఇంత సముద్రం దాటి మన దిబ్బకు ఎలా వస్తారు? లాంచీలోనా?”

“ఆళ్ళకెందుకండి లాంచీ.”

“సరే, దేవతల సంగతి వదిలెయ్యండి. నోరు తెరిచి చెప్పడానికి ఇబ్బందేమిటి?”

“పొద్దున్నే పలకరించినోళ్ళ మొహం మీద బాగోలేదని ఎలా కొడతామండి?”

“అది మనిషి కాదు. పెట్టె.”

“పెట్టయినా పలకరించిందా లేదా? మా కోడలు పలకరించదు.”

కోడలు పక్కనే ఉంది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. నవ్వడం వల్ల ముగ్గురికి దగ్గు వచ్చింది. ఆ దగ్గుతోనే ఇళ్ళకు వెళ్ళి, రేపు పొద్దున పెట్టెకు ఏం చెప్తారో నాకు తెలుసు.

3
ఫాల్గుణం, శుక్రవారం.

నాకు తెలిసినట్టే జరిగింది. వీధి పొడుగునా పచ్చ దీపాలు.

మనుషుల్ని తిట్టి లాభం లేదు. ఎందుకంటే మా చెల్లెలు కూడా అదే మాట అన్నది. దాని పేరు లాస్య. నిరుడు ఈ రోజుల్లో మూడు గుమ్మాల అవతల ఉండేది. గాలి తిరిగిన రెండో పొద్దున, గోడ పట్టుకుని నిలబడి, పెట్టె అడిగితే ‘పర్లేదమ్మా’ అన్నది. పెట్టెను అమ్మా అని పిలిచేది లాస్య ఒక్కతే. నేను పక్కనే ఉన్నాను, విన్నాను. మధ్యాహ్నానికి దానికి పెదాలు నల్లబడ్డాయి. మంగతాయారు ఊపిరిగది తలుపు విరగ్గొట్టింది, యంత్రం ముందు కూర్చోబెట్టింది. యంత్రం నడవలేదు. సంచాలకుడి గొంతుతో అనుమతి పడితే తప్ప నడవదట. లాంచీలో పైపట్నం ఆసుపత్రికి బయల్దేరాం. పాయ దాటలేదు.

తర్వాత విహారి దగ్గర్నుంచి సానుభూతి లేఖ వచ్చింది. మంచి తెలుగు, ఒక్క అచ్చుతప్పు లేదు. అందులో ఒక వాక్యం: ‘మీ సోదరి తన చివరి ఉదయం కూడా సంతృప్తి వ్యక్తం చేశారని తెలియజేయడానికి మాకు ఊరట కలుగుతోంది.’

ఊరట అతనికి.

దిబ్బల వినియోగదారుల సంఘం కొట్లాడి మండలిలో ఒక కుర్చీ సంపాదించింది. ఆ కుర్చీకి నేను పోటీ చేస్తానంటే మంగతాయారు, “నువ్వు మాట్లాడితే మండలి నిద్రపోతుందమ్మమ్మా,” అన్నది. నిద్రపోనీ. నిద్రపోయేవాళ్ళ చేత సంతకాలు పెట్టించడం తేలిక.

4
చైత్రం, ఆదివారం. గాలి తిరిగింది.

విచారణ ఎక్కడ జరగాలో కోరే హక్కు రోగుల తరఫు సభ్యురాలికి ఉంది. ఇన్నాళ్ళూ ఎవరూ ఆ హక్కు వాడలేదు. నేను వాడాను. ఏడో దిబ్బ, లాంచీల రేవు, ఆరుబయట, మధ్యాహ్నం భోజనాలయ్యాక. గాలి బలంగా ఉండేది ఆ వేళలోనే.

తడిగుడ్డలు పిండి ఆరేస్తూ మంగతాయారు అడిగింది. “ఇది విచారణా, వలా?”

“రెండూ.”

“ఆయనకేమన్నా అయితే?”

“వచ్చిన ప్రతి ఒక్కరికీ తడిగుడ్డ ఇవ్వు. ముక్కుకు కట్టుకోమని చెప్పు. నువ్వు చెప్పావని పదిమంది వినాలి.”

“ఎంత జాగ్రత్తో.”

“ఉద్యోగం అలా నేర్పింది.”

అది ఇంకో గుడ్డ పిండింది. తాతతో మాత్రం వారం నుంచి సాధన చేయిస్తున్నాను. లేచి నిలబడాలి, ‘నాకు ఊపిరాడటం లేదు’ అనాలి, కూర్చోవాలి. దేవతల భయం ఉంటే మనసులో ‘ఉత్తినే’ అనుకోమన్నాను. ఇవాళ మూడుసార్లు సరిగ్గా చెప్పాడు.

5
చైత్రం, బుధవారం. గాలి చాలా ఎక్కువ.

వరసగా రాస్తాను.

లాంచీ దిగినవాళ్ళలో అధ్యక్షురాలు కుందనబాల గారు, ఆమె వెనక విహారి. నేను ఊహించుకున్న మనిషి కాదు. సన్నగా, నలభై దాటినట్టు, ఎదురొచ్చిన ప్రతివాళ్ళకూ నమస్కారం పెడుతూ వచ్చాడు. మంగతాయారు తడిగుడ్డ చాచింది. అధ్యక్షురాలు తీసుకుని కట్టుకుంది.

“పర్లేదండి,” అన్నాడు విహారి, చెయ్యి అడ్డం పెట్టి.

ఆ మాటకు ‘వద్దు’ అనే అర్థం కూడా ఉంది. పెట్టెకు ఆ అర్థం తెలియదు. నేను పక్కనే ఉండి విన్నాను, ఏమీ అనలేదు.

బల్ల మీద పలకరింపు పెట్టె పెట్టించాను. దాన్ని గుమ్మం నుంచి ఊడదీసుకొచ్చింది నేనే. విహారి తన మాట ముందు చెప్పాడు. డబ్బు తక్కువ, దిబ్బలు ఎక్కువ, బాధ ఉన్నచోటికే మందు పంపాలి, బాధ ఉందో లేదో మనుషుల్నే అడుగుతున్నాం. “జనం మాటకు ఇంతకన్నా విలువిచ్చిన విధానం ఏదైనా ఉంటే చూపించండి మేడమ్,” అన్నాడు. నిజంగానే నమ్ముతున్నాడు. నాకు మరింత కోపం వచ్చింది. దొంగరాయని తెలిసి పెట్టినవాడికి కనీసం అసలు బరువెంతో తెలుసు.

“జస్వంత్ గారిని అడగండి,” అన్నాను.

తాత లేచాడు. రొమ్ము ఎగిసిపడుతోంది. అధ్యక్షురాలు పెట్టె ఆయన వైపు తిప్పింది. “ఒంట్లో ఎలా ఉంది?” అన్నది పెట్టె.

తాత నావంక చూశాడు. తర్వాత వచ్చినవాళ్ళ వంక చూశాడు. ఎండనపడి అంత దూరం నుంచి వచ్చారు, అధికారులు, అతిథులు. చేతులు రెండూ జోడించాడు.

“ఆయ్, పర్లేదండి. తమ దయ.”

పచ్చ దీపం వెలిగింది.

జీవితంలో ఏ కొట్టు ముందూ నేను ఇలా ఓడిపోయి నిలబడలేదు. విహారి తల పంకించాడు. గెలిచినట్టు కాదు, పాపం అన్నట్టు. అది ఇంకా భరించలేకపోయాను. కుందనబాల గారు కాగితాలు సర్దుకుంటున్నారు.

కానీ తాత కూర్చోలేదు. పలకరించినవాళ్ళను తిరిగి పలకరించకుండా కూర్చుంటే మర్యాద కాదు. విహారి కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి, ముక్కు మూలల్లో తెల్లగా ఉప్పు కట్టింది. మాటకూ మాటకూ మధ్య గొంతు సవరించుకుంటున్నాడు.

“మరి తమరికెలా ఉందండి బాబూ? గాలి పట్టినట్టుంది?” అన్నాడు తాత.

“నాకా? నాకేం…” దగ్గు అడ్డం వచ్చింది. బల్ల పట్టుకుని వంగి దగ్గాడు. తలెత్తి, చెయ్యి ఊపి, అన్నాడు. “పర్లేదు. పర్లేదు తాతగారూ.”

పచ్చ దీపం వెలిగింది. “సంతృప్తి నమోదైంది,” అన్నది పెట్టె. “శుభదినం.”

ముందు కోడలు నవ్వింది. తర్వాత రేవంతా నవ్వింది. నవ్వు ఆగేదాకా నేను ఆగాను.

“అధ్యక్షా,” అన్నాను, “త్రాసు సరిగ్గా ఉందో లేదో చూడాలంటే, బరువు ముందే తెలిసిన రాయి వేసి చూస్తాం. ఇప్పుడు సంచాలకుడు గారిని వేశాం. ఆయన బరువు మీ కళ్ళముందే ఉంది. త్రాసు ఏం చెప్పిందో కూడా విన్నారు. ఇది దొంగ త్రాసు. దీంతో తూచి మూసిన గదులన్నీ దొంగలెక్కతో మూసినవే.”

ఆమె విహారి వంక చూసింది. అతను సమాధానం చెప్పబోయాడు. నోరు తెరిచాడు గాని మాట రాలేదు. పెదాలు నల్లబడుతున్నాయి. ఆ రంగు నాకు తెలుసు.

6
అదే రోజు, లాంచీలో.

మంగతాయారు తను ‘వల’ అన్న మాట మరిచిపోయి పరుగెత్తింది. తాత, కోడలు కలిసి విహారిని మోసుకుంటూ ఊపిరిగదికి తెచ్చారు. నిరుడు విరగ్గొట్టిన తలుపు విరిగే ఉంది. యంత్రం ముందు కూర్చోబెట్టారు.

“మీ గొంతుతోనే నడుస్తుంది,” అన్నది మంగతాయారు. “పేరు చెప్పి, అనుమతి అనండి.”

“విహారి,” అన్నాడు. గాలి తప్ప గొంతు లేదు. “అనుమతి.”

“మీ గొంతు సరిపోలడం లేదు,” అన్నది యంత్రం. “దయచేసి కాసేపు విశ్రాంతి తీసుకుని ప్రయత్నించండి.”

మళ్ళీ అన్నాడు. మళ్ళీ అదే జవాబు. మూడోసారి అనడానికి ఊపిరి మిగల్లేదు. అప్పుడు నా వంక చూశాడు. లాస్య ఆ కుర్చీలోంచి నా వంక ఎలా చూసిందో అలాగే.

అధికారిక లాంచీ కదలాలంటే మండలి సభ్యుల మాట కావాలి. అధ్యక్షురాలు వణికిపోతోంది. లాంచీ నడిపే సరంగు నన్ను అడిగాడు. నేను వెంటనే చెప్పలేదు. ఎంతసేపు చెప్పలేదో రాయను. మంగతాయారు నా చెయ్యి పట్టుకుని, “అమ్మమ్మా,” అన్నది. గట్టిగా కూడా అనలేదు.

“తియ్యి లాంచీ,” అన్నాను.

ఇప్పుడు నా ఎదురుగా పడుకుని ఉన్నాడు. మంగతాయారు తడిగుడ్డ తీసి తీసి వేస్తోంది, వీపు రాస్తోంది, ఏదో కబుర్లు చెప్తోంది. జాలి అది చూపిస్తోంది, నేను చూపించడం లేదు. అయినా అతను బతకాలని కోరుకుంటున్నాను. చచ్చినవాడికి శిక్ష వెయ్యలేం. దిబ్బ మీద పటానికి దండేసి దీపం పెడతారు, మంచివాడని చెప్పుకుంటారు, విధానం అలాగే ఉంటుంది.

పాయ దాటాం. బతికే ఉన్నాడు. గాలి ఇవాళ అటువైపే వీస్తోంది. నిరుడు ఎదురుగాలి.

7
వైశాఖం, మంగళవారం. పైపట్నం, మండలి భవనం.

నేను రాసిన నిబంధనలు ఇవాళ చర్చకు వచ్చాయి. మొదటిది, ఊపిరిగదుల యంత్రాలు నర్సు చేతితో నడవాలి, ఎవరి గొంతుతోనూ కాదు. రెండోది, పలకరింపు పెట్టెలు తీసెయ్యాలి, మనిషి వచ్చి అడగాలి. అడిగినవాళ్ళు ‘పర్లేదు’ అంటే అది జవాబు కింద లెక్క కాదు. కూర్చుని ఇంకో ప్రశ్న వెయ్యాలి, అసలు సంగతి తెలిసేదాకా. ఈ రెంటికీ ఎవరూ అడ్డు చెప్పలేదు.

మూడోదాని దగ్గర చర్చ ఆగింది. వైద్యం తీసేసిన అధికారి ఆ దిబ్బ మీదే ఏడాది కాపురం ఉండాలి. గుమ్మం గుమ్మానికీ తనే వెళ్ళి అడగాలి. జవాబు తన చేతితో తనే రాసుకోవాలి.

“తన్మయి గారూ,” అన్నారు కుందనబాల గారు, “ఇది విధానంలా లేదు. పగ లాగా ఉంది.”

“తూనికల చట్టం మాత్రం దేంతో పుట్టిందనుకుంటున్నారు? మోసపోయినవాళ్ళ పగతోనే. కోపం చల్లారకముందే రాయించారు కాబట్టి ఇన్నాళ్ళు పనిచేసింది.”

“వ్యక్తి మీద నిబంధన రాయలేం కదండీ.”

“నేను పేరు రాయలేదు. ‘అధికారి’ అని రాశాను. రేపు నేనే ఆ కుర్చీలో కూర్చుని గది మూస్తే నన్నూ పంపండి.”

విహారి లేచాడు. ఇంకా బొంగురు గొంతే. ఎవరూ అడగకుండానే బల్ల చుట్టూ తిరిగి నా కుర్చీ దగ్గరికి వచ్చాడు.

“లేఖలో ఆ వాక్యం రాసింది నేనే,” అన్నాడు. “కార్యాలయం వాళ్ళు కాదు. మీకు ధైర్యంగా ఉంటుందనుకున్నాను. క్షమించండమ్మా.”

గది మొత్తం నా వంక చూసింది. క్షమించమని ఎవరైనా అంటే మన దేశంలో ఎవరైనా ఒకటే మాట అంటారు. కాలు తొక్కినవాడికీ అదే అంటాం, కొంప ముంచినవాడికీ అదే అంటాం. అందరూ ఆ మాట కోసమే ఎదురు చూశారు. అది నా నాలుక చివర దాకా వచ్చింది కూడా. డెబ్బై ఏళ్ళ అలవాటు.

అనలేదు.

“మూడో నిబంధన మీద మీ సంతకం కావాలి,” అన్నాను.

కాగితం తీసుకుని ఆసాంతం చదివాడు. తర్వాత పెట్టాడు. అతని తర్వాత మిగతావాళ్ళు పెట్టారు.

8
జ్యేష్ఠం, శనివారం. ఏడో దిబ్బ. గాలి తగ్గుతోంది.

ఊపిరిగది నడుస్తోంది. తాత పొద్దున్నే వెళ్ళి, జబ్బు ఉన్నా లేకపోయినా అక్కడే కూర్చుంటున్నాడని మంగతాయారు ఫిర్యాదు. ఆవిరిలో నిద్ర బాగా పడుతోందట.

విహారి వీధి చివర ఉంటున్నాడు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవడం నేర్చుకున్నాడు. తెల్లారగానే బయల్దేరి మధ్యాహ్నానికి గాని అన్ని గుమ్మాలూ పూర్తిచేయలేకపోతున్నాడు, ఎందుకంటే మా వాళ్ళకు ‘పర్లేదు’ తర్వాత అసలు సంగతికి రావడానికి ముందు వాతావరణం, చేపల ధర, అతని పెళ్ళాం పిల్లల క్షేమం అన్నీ కావాలి. టీలు పోస్తున్నారు. కోడలు పచ్చడి జాడీ కూడా ఇచ్చింది. నాకు నచ్చలేదు, చెప్పాను. “ఇంటికొచ్చినోడికి పెట్టకుండా ఎలా పంపుతామండి,” అన్నది. వాళ్ళ పగ అంతవరకే. నాది నేను విడిగా దాచుకున్నాను.

నా గుమ్మం దగ్గర అతనికి టీ లేదు. లోపలికి రమ్మనను. గడప అవతల నిలబడి అడుగుతాడు.

“ఒంట్లో ఎలా ఉందమ్మా?”

మోకాలి సంగతి చెప్తాను, దగ్గు సంగతి, నిద్ర సంగతి. నిబంధన ప్రకారం పూర్తిగా, ఏదీ వదలకుండా. రాసుకుంటాడు. తర్వాత రెండో ప్రశ్న వెయ్యాలి. అది కూడా నిబంధనే.

“ఇంకేమైనా ఉందా?”

“మా చెల్లెలు చచ్చిపోయింది.”

మొదటిరోజు కలం ఆగింది, నా మొహంలోకి చూశాడు. “అది కూడా రాయండి,” అన్నాను. రాశాడు. మర్నాడు అడిగాడు, అదే చెప్పాను. రాశాడు. ఇవాళా అంతే. చూస్తూ నిలబడతాను. పూర్తిగా రాసేదాకా తలుపు వెయ్యను.

సగం వీధి దాటాక అతను ఒకసారి కళ్ళు తుడుచుకున్నాడని మంగతాయారు వచ్చి చెప్పింది. చాలు కదా అమ్మమ్మా అన్నది.

రేపు ఆదివారం. ఆదివారం సెలవని నిబంధనలో నేను రాయలేదు.